చప్పుడు లేని పంఖ

"సారూ, మీ మీటరే ఖరాబున్నది!" అన్నాడు జగపతి. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

విమానాల ప్రయోగశాల నుంచి చప్పుడు కొలిచే మీటరు పట్టుకుని జనగామ దాకా వచ్చిన రామ్మోహన్ సారు నొచ్చుకోలేదు. మూతబడ్డ రైసు మిల్లులో ప్రొపెల్లర్ల పరీక్షకు జగపతి చెక్కలతో కట్టుకున్న గాలి సొరంగం వైపు జాలిగా చూశాడు.

"ముల్లు చివరిదాక పోయింది జగపతీ. నీ ప్రొపెల్లర్ చప్పుడు ఏం తగ్గలేదు. నేను ఉన్నదే రాయాలె."

ఉన్నది రాస్తే జగపతికి ప్రయోగశాలలో ఉద్యోగం రాదు. మిల్లు యజమాని ఆ సొరంగాన్ని పొయ్యిలో పెట్టుకుంటాడు.

"ఎప్పటి సంది చేస్తున్నవ్ గీ పని?"

"ఉద్యమంల కాలేజీ బందైనప్పటి సంది సారూ."

"మీటరు లేకుండ ఎట్ల కొలిచినవ్ మరి?"

"మా సుగుణ చెవే మీటరు."

గోడ అవతలి నుంచి సొరంగానికి ఒక కంత ఉంది. జగపతి భార్య సుగుణ రోజూ ఆ కంతకు చెవి ఆనించి కూర్చుని, చప్పుడు ఎంతో కిటికీలోంచి అన్ని వేళ్లు చూపిస్తుంది. మొదటి ప్రొపెల్లర్‌కు పది వేళ్లూ లేచాయి. అతను చెక్కుతూ పోయినకొద్దీ ఆ వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఆ హోరులో మాట వినపడదు గనుక అన్నీ సైగలే. పోనుపోను ఇంట్లో కూడా ఆలుమగలకు అదే అలవాటైంది.

"నీ మొదటి ప్రొపెల్లర్ ఉన్నదా?" అన్నాడు సారు. "అది బిగియ్యి. ఆమెకు చెప్పకు. నా మీటరు తప్పో, ఆమె చెవి తప్పో తేలిపోతది."

జగపతికి ప్రాణం లేచొచ్చింది. అటక మీది పాత ప్రొపెల్లర్ దించి బిగించాడు. సుగుణకు కూర్చోమని సైగ చేసి మోటారు వేశాడు.

మిల్లు అదిరింది. పైన రేకులు గడగడలాడాయి. సారు రెండు చెవులూ మూసుకున్నాడు. ముల్లు ఇందాకటి చోటికే వెళ్లి ఆగింది.

ఇన్నేళ్ల చెక్కుడూ బూడిదలో పోసినట్టేనా? జగపతి మీటరును వదిలేసి కిటికీ వంక చూశాడు. పది వేళ్లు లేవాలి. దేవుడా, లేవాలి.

లేచింది ఒక పిడికిలి. జగపతి మోటారు ఆపాడు. కిటికీలో సుగుణ మొహం సంతోషంతో వెలిగిపోతోంది.

"ఏమయ్యా, సారుకు చెప్పు!" అని గొంతు చించుకుని అరిచింది. "అన్నిట్లకన్న గిదే మంచిగున్నది. జర్రంత సప్పుడు గూడ లేదు!"