ఫొటో అయ్యాక

ఏడేళ్ళుగా ఏటా ఇదే చెయ్యి పట్టుకుంటున్నాను, ఈవిడ టీలో చక్కెర వేసుకుంటుందో లేదో కూడా తెలియదు, అనుకుంటోంది డింఫ్నా. బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కులనూ ప్రొటెస్టెంట్లనూ విడదీసే గోడ గేటు దగ్గర, చెరోవైపు నిలబడి ఇద్దరూ ఫొటో దిగుతున్నారు.

“కాస్త నవ్వండమ్మా, సయోధ్య కనిపించాలి!” అన్నాడు ఫొటోగ్రాఫరు.

“కట్టుడు పళ్ళు నాయనా, ఇంతకంటే సాగవు,” అంది ప్రొటెస్టెంటు హేజెల్.

ఫొటో అయింది. బ్యానరు చుట్టి, దానితోపాటు సయోధ్యనూ డిక్కీలో పడేసి ఏటా ఈ ఫొటో తీయించే శాంతి సంఘంవాళ్ళు వెళ్ళిపోయారు.

“వచ్చే ఏడు కలుద్దామండీ,” అంది హేజెల్.

ఆ గేటు అవతలే డింఫ్నా అన్నను కాల్చి చంపారు. నలభై ఏళ్ళుగా ఆమె అటు అడుగు పెట్టలేదు.

“మీ ఇంట్లో టీ ఇస్తారా?” అంది డింఫ్నా.

“ఇప్పుడా? చీకటిపడి గేటు మూసేస్తే మైలున్నర చుట్టు తిరిగి పోవాలి పిచ్చిదానా! ఫొటో తీసేవాడు కూడా వెళ్ళిపోయాడు.”

“అందుకేనే,” అంటూ డింఫ్నా గేటు దాటింది.