నీలం వాషర్

"ముందు వాల్వు మూసినారా? పోయినసారి మాదిరి నాకు తలంటు పోస్తారేమో!" అంది నాగరత్నమ్మ.

"మూసినాలే. పోయినేడు నేనేసిన వాషర్ ఇన్నాళ్లు నిలబడిండాది. పుంగనూరంతా తిరిగినా ఇట్లాంటి పనోడు దొరకడు," అంటూ గంగాధరం వంటింటి కొళాయి విప్పాడు.

అరిగిన వాషర్ అరచేతిలో పడింది. నీలం రంగు!

తను వేసింది నల్లటి సైకిల్ ట్యూబు ముక్క. ఇదేమో భార్య పాత హవాయి చెప్పులోంచి గుండ్రంగా కోసింది.

ఏడాదిగా తను చుట్టాలందరికీ ఆ పనితనం చెప్పుకుంటుంటే, ఆమె పక్కనే నిలబడి తలాడించేది.

గంగాధరం గొంతు తగ్గింది.

"రెండో చెప్పు యాడుండాది?"

"దాచిపెట్టిండాను. మీరు మళ్లా రిపేరు చేస్తారని తెలుసు గదా!"