చుట్టిల్లు ముందు తెర

“మా ఇంటిని గుడ్డేసి కప్పేశారేంటండీ?” అంది హన్నా.

బందరు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు భీమశంకరం రెండు గుంజలు పాతి, మేడ బొమ్మ వేసిన తెర కట్టాడు. దాని వెనక తాటాకు చుట్టిల్లు పూర్తిగా మరుగునపడింది.

“ఈ మేడ ముందు నిలబడితే జమీందార్లలా పడతారమ్మా.”

“నేనే కట్టమన్నాను,” అన్నాడు ఆమె మొగుడు యేసుదాసు. “రంగూన్లో అన్నయ్య ఈ ఫొటో నలుగురికీ చూపిస్తాడు. మనం గుడిసెలో ఉంటున్నామని వాళ్ళందరికీ తెలియాలా?”

“తెలిస్తే ఏం? దొంగసొత్తా? మొన్న గాలివానకి ఇల్లు పోతే మళ్ళీ గోడలు పెట్టిందెవరు?”

“మనమే.”

“మట్టి తొక్కిందెవరు?”

“నేనే. నువ్వు మోశావు.”

“మరి ఆ మేడ ఎవరు కట్టారు?”

యేసుదాసు ఫొటోగ్రాఫరు వైపు చూశాడు.

“గుడివాడలో ఒకాయన రంగులు వేశాడండీ,” అన్నాడు భీమశంకరం. “ఆయనదీ తాటాకిల్లే.”

యేసుదాసు పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి తెర తాళ్ళు తనే విప్పాడు. చుట్టిల్లు ఎండలోకి వచ్చింది. మొగుడూ పెళ్ళాం దాని ముందు నిలబడ్డారు.

“ఇక కదలకండి,” అని భీమశంకరం కెమెరా నల్ల ముసుగులో దూరాడు.

“ఒక్క నిమిషం ఆగండి,” అన్నాడు యేసుదాసు. “తలుపు తీసి వస్తాను. మా పొయ్యి కూడా పడాలి.”

“లోపల చీకటి కదండీ, ఏమీ పడదు.”

“అయితే హన్నా, వెళ్ళి పొయ్యి వెలిగించు,” అన్నాడు యేసుదాసు.