వెనక వచ్చిన మనిషి

"పెద్దమ్మా, ఎన్ని దినాలు గిట్ల నా ఎనుక దాక్కొని వస్తవ్?"

ములుగు రోడ్డు మీద, సమ్మమ్మ చాయ్ హోటల్ ముందర, మహిత రేసు సైకిల్ ఆపి గయ్యిమని లేచింది.

పెద్దమ్మ కూడా బ్రేకేసింది. యాభై దాటిన మనిషి. తలకు తువ్వాల, కింద ఇనుప సైకిలు, క్యారియర్ మీద అమ్మకానికి జంపఖానాల మూట.

"దాక్కునుడేంది బిడ్డా? నా తొవ్వ గూడ గిదే."

మహితకు ఒళ్లు మండింది. మండదా మరి? సైకిల్ పందేల్లో ముందున్నవాళ్లు గాలిని కోసుకుంటూ పోతారు. వెనకున్నవాళ్లు ఆ చాటున హాయిగా వస్తారు. అందుకే ముందుకెళ్లడానికి వంతులు వేసుకుంటారు. వంతు తీసుకోకుండా చాటున వచ్చేవాళ్లంటే సైకిలోళ్లకు పరమ చీదర.

ఈ పెద్దమ్మ నెల రోజులుగా చేస్తున్నది అదే. మహిత తల వంచి తొక్కుతూ చంక సందులోంచి చూస్తే, వెనక ఆ పాత చక్రం ఒక్కటే కనపడేది.

వదిలించుకుందామని ఎన్నిసార్లు పళ్లు బిగించి తొక్కిందో! ఊహూఁ. ఖరీదైన రేసు సైకిల్ వెనక ఆ ఇనుప సైకిల్, మూటతో సహా, జిడ్డులా అంటుకునే వచ్చేది.

వామ్మో, అవేం కాళ్లు! మహిత లోలోపల నోరెళ్లబెట్టింది. పైకి ఒప్పుకుంటే గదా!

"ఒక్కసారన్న ముంగటికి వచ్చి వంతు తీసుకోవచ్చు గద? నువ్వు ఒట్టి గాలి దొంగవు పెద్దమ్మా."

పెద్దమ్మ కోపం తెచ్చుకోలేదు.

"నేను ముంగటికి వస్తే నువ్వు నన్ను చూస్తవ్. తొవ్వ చూడవ్. అయినా గంత తొందరేంది బిడ్డా నీకు?"

"నేషనల్ క్యాంపుకు పోవాలె. మా కోచ్ రాజేశ్వర్ రావు సార్ అకాడమీ గోడ మీద ఒక టైము రాసి పెట్టిండు. రేసుల దాన్ని కొట్టినోళ్లనే పంపుతడట. ఈ ఏడు గాకపోతే నాకు వయసు దాటిపోతది."

"ఎవలిదా టైము?"

"ఎవరో మొగిలమ్మట. ట్రాక్ మీద, రోడ్డు మీద దేశమంత తిరిగి గెలిచిందట. ముప్పై ఏండ్ల సంది ఆ పేరు గోడ దిగుతలేదు. ఉన్నదో సచ్చిందో!"

పెద్దమ్మ పకపకా నవ్వింది.

"సచ్చే ఉంటది తీయ్. నువ్వు చెరిపెయ్ బిడ్డా. గంత పాత పేరు గోడకు గూడ బరువే."

"చెరుపుత. నువ్వు మాత్రం రేపటి సంది నా ఎనుక రాకు. నీకు పుణ్యముంటది."

పెద్దమ్మ మూట తాడు బిగించుకుంది.

"సరే బిడ్డా. జర పైలం" అని వెళ్లిపోయింది.

మర్నాడు వెనక ఎవరూ లేరు. హమ్మయ్య, పీడ పోయిందనుకుంది మహిత.

చాయ్ హోటల్ దగ్గరకు వచ్చిందో లేదో, ఓ ఖాళీ ఇసుక లారీ మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయింది. ఆ విసురుకు సైకిల్ వంకరలు పోయి మట్టిలోకి దిగింది. మహిత కింద పడింది.

సమ్మమ్మ నీళ్ల చెంబుతో ఉరికొచ్చింది.

"అయ్యో బిడ్డా! ఇయ్యాల ఆమె రాలేదా?"

"ఆమెతోని ఏం పని అత్తా? ఆ లారీని చూడు, మీది మీదికి వచ్చె! నెల సంది ఒక్కటన్న గిట్ల వచ్చిందా?"

"ఎట్ల వస్తయ్? ఆమె నీకంటే జరంత రోడ్డు దిక్కు ఉండి, కుడిచెయ్యి అడ్డంగ సాపుకుంట వచ్చేది. లారీలన్ని ఆ చెయ్యిని తప్పిచ్చుకొని దూరంకెళ్లి పోయేటియి. ఎన్కట ఆమెను గూడ ఈ తొవ్వలనే లారీ తాకింది. అప్పటి సంది లారీలంటే ఆమెకు పగ."

మహిత చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది.

"తొవ్వ పొడుగూతా?"

"నువ్వు తొక్కినంత దూరం."

ఒంటి చేత్తో. ఇనుప సైకిల్ మీద. మూటతో. తను రెండు చేతులూ బిగించి ప్రాణం పెట్టి తొక్కుతుంటే!

మహితకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ వెంటనే సిగ్గుతో కళ్లు నిండాయి.

"గాలి దొంగ అన్న గదత్తా ఆమెను..."

ఆ తర్వాత రోజూ హోటల్ ముందర ఆగి వెనక్కి చూసేది. పెద్దమ్మ మళ్లీ రాలేదు.

రేసు రోజు రోడ్డు మీద బండ్లు బంద్ పెట్టారు. మహిత దుమ్ము లేపింది. గోడ మీది టైము బద్దలైంది!

రాజేశ్వర్ రావు సార్ తడిబట్టతో పాత పేరు తుడిచి, స్వయంగా 'మహిత' అని రాశాడు.

"మొగిలమ్మ తర్వాత మళ్ల నిన్నే చూసిన బిడ్డా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మహిత స్వీటు డబ్బా పట్టుకుని సమ్మమ్మ దగ్గరకు పోయింది. పెద్దమ్మ ఇల్లెక్కడో తెలుసుకోవాలి. కాళ్లు మొక్కాలి. కనీసం పేరైనా అడగాలి.

సమ్మమ్మ ఇంకా పొయ్యి వెలిగించలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది.

"నీ మీద అలిగి రాలేదనుకున్నవా బిడ్డా? నువ్వు కింద పడ్డ దినం సంది దవాఖానలనే ఉన్నది. రేసు అయ్యేదాక నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. గుండె నొప్పి. ఇయ్యాల తెల్లారకముందే పోయింది."

మహిత డబ్బా కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది.

"నేను గెలిచిన్నని ఆమెకు ఎరుకేనా అత్తా?"

"నిన్న పోయి చెప్పిన. మొఖమంత ఎలిగిపోయింది. నా చెయ్యి పట్టుకొని ఒక్కటే అడిగింది మొగిలమ్మ, 'గోడ మీద నా పేరు సాఫ్‌గ తుడిసిండ్రా లేదా?' అని."