క్లచ్‌లో గాలి

“తొక్కు!” కారు కింద నుంచి అరిచాడు భర్త.

“తొక్కాను!” స్టీరింగ్ ముందు కూర్చున్న భార్య అంతకన్నా గట్టిగా అరిచింది.

క్లచ్ పైపులో చేరిన గాలి బయటికి పోవడానికి అతను నట్టు వదులు చేశాడు. బుడగలతో క్లచ్ ఆయిల్ చిమ్మి మొహం మీద పడింది. గబగబా తిప్పేశాడు.

“బిగించాను. ఇంక వదులు!”

మళ్ళీ తొక్కితే పెడల్ మెత్తగా నేలకంటింది. పైపులో గాలి అలాగే ఉంది.

సాయంత్రం కొనేవాడు వస్తాడు. గేరు పడని కారుని ఎవడు కొంటాడు?

అదేమైనా మామూలు కారా! పాత బండికి ఒక కారు ఇంజను, ఇంకో కారు గేర్‌బాక్సు, ఏదో వ్యాను క్లచ్ సిలిండరు తగిలించి తన చేతులతో కట్టుకున్నాడు. దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. నిరుడు ఆమె అన్న కూతురి పెళ్ళికి అందులోనే బయల్దేరారు. కొత్తబట్టలతో లారీ ఎక్కి చేరారు.

మొన్న మళ్ళీ నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంట్లో అదైనా ఉండాలి, తనైనా ఉండాలి అని ఆమె తేల్చి చెప్పేసింది. అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. అప్పటికప్పుడే అమ్మకానికి పెట్టేశాడు.

“కొత్త సీళ్ళు వేశారు, పైపు మార్చారు. ఇంకా గాలేమిటండీ? మీ మొహంలా ఉంది మీ పని!”

“నోరు మూసుకుని తొక్కు! నేను బిగించాననేదాకా కాలు తియ్యకు. తీశావంటే గాలి లోపలికి లాగేస్తుంది.”

“ఇన్నేళ్ళుగా తొక్కుతున్నదాన్ని, నాకే పాఠాలా?”

“అయితే తొక్కు!”

“రాత్రి భోజనం మానేసి పడుకుంటే నేను కరిగిపోతాననుకున్నారేమో!”

“ఆకల్లేక మానేశాను. నీ కోసం కాదు!” బండి అడుగుకంటిన మట్టిని చొక్కా చేతితో తుడిచాడు.

సాయంత్రం కొనేవాడు వచ్చి గేరు వేశాడు. కర్రుమంది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

“దీన్నెలా తీసుకెళ్ళమంటారు, భుజాన వేసుకునా? నేను వేరే బండి చూసుకుంటాను,” అని ధడాలున తలుపు వేసి వెళ్ళిపోయాడు.

ఆమె తల కొట్టుకుంది. “వచ్చిన బేరం కాస్తా పోయింది! ఇంకెన్నాళ్ళు భరించాలో ఈ డబ్బాని!”

“చేయాల్సిందంతా చేశాను! ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో నాకేం తెలుసు?” పానా విసిరికొట్టాడు.

“చాల్లెండి. మొహం కడుక్కుని భోజనానికి రండి,” అని విసవిసా లోపలికి నడిచింది.

పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా, అతను ‘బిగించాను’ అనేదాకా ఆమె కాలు పెడల్ మీద ఆగలేదు.