కృతజ్ఞుడు

"ఇదేంటో చెప్పండి మాస్టారూ," అంటూ మాటల డాక్టరమ్మ దువ్వెన బొమ్మ ఉన్న అట్టముక్క పైకెత్తింది.

దిండ్లకు ఆనుకుని కూర్చున్న అన్నయ్య దానివంక చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. చివరికి "కుర్చీ" అన్నాడు. అన్నాక అది కాదని ఆయనకే తెలిసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"పోన్లెండి. దానికి పళ్ళు, దీనికి కాళ్ళు. ఏదో ఒకటి ఉందిగా," అంది వదిన, అందరినీ నవ్వించబోయి. ఎవరూ నవ్వలేదు. తమ్ముడు మంచం పక్కన నిలబడి అన్నయ్య పెదవులనే చూస్తున్నాడు.

మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పడం ఆ అమ్మాయి పని. ఆమెకు మాటల డాక్టరమ్మ అని పేరు పెట్టింది వదినే. ఇక అన్నయ్య జీవితమంతా కాలేజీలో భాష పాఠాలు చెప్పినవాడు. తన మాట తూచి వాడేవాడు, ఎదుటివాళ్ళ మాట కూడా తూచేవాడు. అలాంటి మనిషి ఎండలు ముదిరే రోజుల్లో మేడమెట్ల మీంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి సగం చచ్చుబడింది. నోట్లోంచి ఏ మాట వచ్చినా తప్పు మాటే.

అంతకుముందు ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఉప్పూ నిప్పూ. అన్నది కింది వాటా, తమ్ముడిది పై వాటా. మేడ మీద ఇంకో రెండు గదులు వేసుకుంటానని తమ్ముడు, గోడలు ఆగవు వద్దని అన్న. మాటా మాటా పెరిగి, ఎదురుపడితే చెరో గోడవైపు తిరిగి నడిచేదాకా వచ్చింది.

అన్నయ్యను ఆసుపత్రికి మోసుకెళ్ళింది మాత్రం ఆ తమ్ముడే. ఆ రోజునుంచి మనిషి మారిపోయాడు. ఆఫీసుకు సెలవు పెట్టేశాడు. అన్నయ్యకు స్నానం, గడ్డం గీయడం, అన్నం తినిపించడం అన్నీ తన చేతుల మీదే. మనిషిని పెట్టుకుందామని వదిన అంటే ఒప్పుకోలేదు. ఎవరైనా చూడటానికి వస్తే వాళ్ళు వెళ్ళేదాకా గదిలోనే కూర్చునేవాడు. తోడబుట్టినవాడంటే ఇలా ఉండాలని చుట్టాలు చెప్పుకున్నారు. ఆపద వస్తేగానీ రక్తం రక్తాన్ని గుర్తుపట్టదని వదిన అంటుండేది. ఎవరైనా అలా మెచ్చుకుంటే చాలు, తమ్ముడు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగేవాడు.

డాక్టరమ్మను గేటుదాకా సాగనంపడం కూడా అతని పనే. వెళ్ళినప్పుడల్లా ఒకటే అడిగేవాడు, మాటతోపాటు జ్ఞాపకం కూడా వస్తుందా అని. మాట పోయినంత మాత్రాన జ్ఞాపకం పోవాలని లేదని, లోపల అన్నీ భద్రంగా ఉండొచ్చని, బయటికి రావడానికే దారి మూసుకుపోయిందని ఆమె ఓపిగ్గా చెప్పేది. మరి పడిన రోజు సంగతి? అది కొందరికి చెరిగిపోతుంది, కొందరికి చెరగదు. అన్నయ్య అదంతా తలచుకుని బెదిరిపోతాడేమోనని అతని దిగులనుకుని, ధైర్యం చెప్పి వెళ్ళేది.

ఇవాళ దువ్వెన బొమ్మ పక్కన పెట్టి ఆమె దారి మార్చింది. బొమ్మలు చూసి పేర్లు చెప్పలేనివాళ్ళు కూడా అలవాటుగా అనే మాటలు ఒక్కోసారి టక్కున అనేస్తారట.

"మంచినీళ్ళు ఇచ్చారనుకోండి. ఏమంటారు? థ్యాంక్స్. అనండి."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"సరే, ధన్యవాదాలు."

మళ్ళీ అడ్డంగానే ఊపాడు. ఈసారి విసుగ్గా. ఎడమచేత్తో దుప్పటి నలిపాడు. మెడ నరాలు ఉబ్బాయి. "కృ" అన్నాడు. ఆగాడు. "కృ... త..."

డాక్టరమ్మ ముందుకు వంగింది. నోరు ఇంత కష్టపడాల్సిన మాటను ఆయన కావాలని వెతుక్కుంటున్నాడని ఆమెకు అర్థమైంది.

వదిన నవ్వింది, కళ్ళల్లో నీళ్ళతోనే. "ఆయన ఎందుకు వద్దంటున్నారో నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నానో. ధన్యవాదమంటే నువ్వు ధన్యుడివి అని పొగడటమే, ఎవరికైనా అనొచ్చు అనేవారు. కృతజ్ఞత అలా కాదట. కృతమంటే చేసింది. జ్ఞ అంటే తెలిసినవాడు. నువ్వు నాకేం చేశావో నాకు తెలుసు అని చెప్పడమట. తెలియకుండా ఊరికే ఆ మాట వాడితే పిల్లలకు మార్కులు కోసేసేవారు."

"అయితే ఎవరికి చెప్పాలనుంది మాస్టారూ?" అని అడిగింది డాక్టరమ్మ.

అన్నయ్య ఎడమచెయ్యి మెల్లగా లేచింది. డాక్టరమ్మను దాటింది, వదినను దాటింది, తమ్ముడి దగ్గర ఆగింది.

"నీకు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "కృతజ్ఞుణ్ణి."

తప్పు లేదు, తడబాటు లేదు. వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంతకంటే మంచి మొదటి మాట ఏ ఇంట్లోనూ వినలేదంది డాక్టరమ్మ.

తమ్ముడు మంచంకోడు పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. పాపం సంతోషం పట్టలేకపోయాడని వదిన మంచినీళ్ళకు పరిగెత్తింది. అన్నయ్య చెయ్యి దించలేదు. చూపూ తిప్పలేదు.

ఆ రోజు మెట్ల మీద అన్నయ్యను వెనకనుంచి తోసింది తమ్ముడే.