రెండో శాంపిల్

పాప కుర్చీ ఎక్కి మాస్కు కిందికి లాగింది. జానీ చేతిలో పుల్ల పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయాడు.

వెనక లైను పెరుగుతోంది. సోమి దగ్గి గుర్తు చేద్దామనుకుంది. ఈ రోజుల్లో దగ్గితే లైను మొత్తం పారిపోతుందని తట్టి, బల్ల మీద కొట్టింది.

కరోనా రెండో ఏడు అది. కిరండూల్ అనే గనుల ఊళ్ళో మూతబడ్డ ఓ బడి వరండాలో ముక్కు పరీక్షలు చేస్తున్నారు. జానీ ల్యాబ్ టెక్నీషియన్. తెలుగు నేల సరిహద్దులోని కొంటా మనిషి. ఇక్కడ సిబ్బంది చాలడం లేదని డ్యూటీ వేస్తే వచ్చాడు. సోమి పేర్లు పిలిచి, గొట్టాల మీద చీటీలు అంటించే అమ్మాయి. ఆమెదీ కొంటా పక్క పల్లే. జానీ గోండి వాళ్ళతో గోండిలో, హల్బీ వాళ్ళతో హల్బీలో, తెలుగువాళ్ళతో తెలుగులో మాట్లాడి నవ్వించేవాడు. వాళ్ళు నవ్వుతుండగానే పుల్ల పెట్టి తీసేసేవాడు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టేలోపు పని అయిపోయేది.

అలాంటివాడు ఆ గురువారం ఈ పాప దగ్గర తడబడ్డాడు.

పాప పేరు కెజియా. ఆరేళ్ళుంటాయి. తల్లి రత్నమాలతో కలిసి మస్కట్ వెళ్ళాలి. శనివారం రాత్రి హైదరాబాద్‌లో విమానం. ఆ ముందు మూడు రోజుల్లో తీయించుకున్న నెగటివ్ రిపోర్టు ఉంటేనే ఎక్కనిస్తారు. విమానాలు ఆగిపోయి ఏడాది పైనే ఇక్కడ చిక్కుకుపోయారు. ఈ నెల దాటితే వీసా పోతుంది. ఇదంతా పాప అమ్మమ్మ కన్నమ్మ లైనులో ఉన్నవాళ్ళందరికీ అడక్కుండానే చెప్పేసింది. వాళ్ళది రైల్వే పని మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం.

మస్కట్‌లో ఎవరున్నారని జానీ పాపను హిందీలో అడిగాడు. నాన్న ఉన్నాడని, తన కోసం గులాబీ రంగు సైకిల్ కొని ఉంచాడని పాప కూడా హిందీలోనే చెప్పింది. మంచిదన్నాడు. పుల్ల ముక్కు అంచుకి అలా ఆనించి తీసేశాడు. చక్కిలిగింత పెట్టినట్టుందని పాప నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక సోమి ఊరుకోలేదు.

“ఏందన్నా, వాళ్ళు తెలుగోళ్ళే గద. హిందీల మాట్లాడినవేంది?”

గొంతు బాగాలేదన్నాడు. గొంతు బాగాలేకపోతే హిందీ ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఆ రాత్రే ల్యాబ్ నుంచి కబురొచ్చింది. తల్లికి నెగటివ్. పాప శాంపిల్ చాలలేదు, మళ్ళీ తీసి పంపండి.

శుక్రవారం గేటు తెరవకముందే ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. రోజూ జానీ తల నుంచి కాళ్ళ దాకా కప్పే పీపీఈ కిట్టు తొడుక్కోగానే వీపు మీద మార్కరుతో పేరు రాయడం సోమి పని. లేకపోతే ఆ తెల్ల గుడ్డల్లో ఎవరెవరో తెలియదు. ఆ రోజు పేరు వద్దన్నాడు. ఎందుకని అడిగే తీరిక ఆమెకు లేదు.

రత్నమాల ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది. ఇది కూడా చెడితే ఇక వెళ్ళలేమని సోమికి చేతులు జోడించింది. సోమి నంబరు కూడా తీసుకుంది. కన్నమ్మ మాత్రం నేరుగా జానీ మీదే పడింది. కిట్టులోవాడికి తెలుగు రాదన్న ధీమా ఆవిడది.

“పుల్ల ముక్కులోకి ఎల్లనేదు, నాను సూస్నాను గదా. సేతకానోడికి ఈ ఉజ్జోగం ఎవుడిచ్చాడో. నా మనవరాలి బతుకు ఈడి సేతిలో పడిందేటి దేవుడా.”

సోమికి ఒళ్ళు మండింది. ఆయనకు తెలుగు వచ్చని చెప్పబోయింది. జానీ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

పాప కుర్చీ ఎక్కింది. జానీ ఎడమ చేత్తో తల వెనక పట్టుకున్నాడు. సోమి పుల్ల విప్పి అందించినా ఆ చెయ్యి తీయలేదు, పుల్లా పెట్టలేదు. సోమికి భయమేసింది. ఇవాళ కూడా పైపైన ఆనించాడంటే ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. అతనేమనుకుంటున్నాడో చూద్దామంటే ముఖం ముందు అద్దం ఆవిరి పట్టి ఉంది.

ఈసారి పుల్ల వెళ్ళాల్సినంత లోపలికీ వెళ్ళింది. తిప్పి, కాసేపు ఉంచి, తీశాడు. పాప గొల్లుమంది. రెండు చేతులతో అతని అద్దం మీద కొట్టింది. చెడ్డ అంకుల్ అని హిందీలో అరిచి తల్లి పొట్టలో ముఖం దాచుకుంది. రత్నమాల పాపను ఎత్తుకుని చకచకా బయటికి వెళ్ళిపోయింది. రిపోర్టు ఫోన్‌కి వస్తుందన్న ఆశతో ఆ మధ్యాహ్నమే కారు మాట్లాడుకుని బయల్దేరారట.

గొట్టం మూత జానీయే బిగించాడు. తనే ఐసు పెట్టెలో సర్ది, బండి డ్రైవరుకు రెండుసార్లు జాగ్రత్త చెప్పాడు. ఆ తర్వాత రోజంతా ఎవరితోనూ ఏ భాషలోనూ మాట్లాడలేదు.

శనివారం భోజనాల వేళకి సోమి ఫోన్ మోగింది. రత్నమాల. పాపకు నెగటివ్ వచ్చిందని, హైదరాబాద్ చేరుకున్నామని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అమ్మ తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని ఆయనకు చెప్పమంది.

జానీ కిట్టు విప్పి పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. సోమి వెళ్ళి చెప్పింది. అతను తలాడించి, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు. జాలీ కోపమూ కలిసి ఆమెకు ఇక ఉండబట్టలేదు.

“మొన్న కావాలనే సరిగ తియ్యలే గద నువ్వు. ఆ పిల్ల పోకుంటె నీకేమొస్తదన్నా?”

జానీ పంపు కట్టేశాడు.

“పాలు తాగే పిల్లప్పుడు వాళ్ళమ్మ ఎత్తుకపోయింది సోమీ, మళ్ళ మొన్ననే చూసిన, దానికి అచ్చం నా ముక్కే వచ్చింది.”